తవిటినాయుడికి బేరింగు మార్చిన వైనం

ఆ ఏడాదిని నిశ్శబ్ద సంవత్సరంగా పాటించాలని బస్సుల సంస్థ ప్రధాన కార్యాలయం వారు తీర్మానించారు. ఎందుకని గుమ్మడివలస డిపోలో ఎవరూ అడగలేదు. అంతకు ముందటేడు చిరునవ్వు సంవత్సరం జరిగింది. బస్సు రద్దయిందని కండక్టర్లు నవ్వుతూ చెబుతుంటే ప్రయాణికులకు ఒళ్ళు మండింది. దానికి ముందటేడు మొక్కల సంవత్సరం. ఆ మొక్కలు ఊళ్ళో మేకలకు బాగానే పనికొచ్చాయి. కనుక ఈసారి మేకలు తినలేనిది, ప్రయాణికుల కంటికి కనపడనిది ఏదైనా కావాలని బాగా ఆలోచించి నిశ్శబ్దాన్ని ఎంచుకున్నారు.

బస్సుల చప్పుళ్ళ మీద డ్రైవర్ల నుంచి అతి తక్కువ ఫిర్యాదులు వచ్చిన డిపోకు ఏడాది చివర షీల్డు ఇస్తామన్నారు. ఈ మాటలోని సూక్ష్మం అన్ని డిపోల మేనేజర్లకూ అందలేదు. కొందరు అమాయకులు బస్సులు బాగుచేయించడం మొదలుపెట్టారు. గుమ్మడివలస డిపో మేనేజరు విశ్వంభరరావు గారు మాత్రం సర్క్యులరు రెండుసార్లు చదివి, తగ్గించమన్నది చప్పుళ్ళను కాదు, ఫిర్యాదులను అని గ్రహించారు. అంతవరకు డ్రైవర్లు దిగిపోయేటప్పుడు లాగ్ షీటు అడుగున రెండు ముక్కలు రాసి పారేసేవాళ్ళు. ఆ రెండు ముక్కల స్థానంలో ఆయన పద్నాలుగు పేజీల శబ్ద ఫిర్యాదు పత్రాన్ని ప్రవేశపెట్టారు. అయిదు నెలలు గడిచాయి, ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆయన తన కుర్చీ వెనక గోడకు షీల్డు కోసం మేకు కూడా కొట్టించుకున్నారు.

ఆ మేకు మీదికి తవిటినాయుడు వచ్చిపడ్డాడు.

తవిటినాయుడు ఇరవైమూడేళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. ఉదయం ఆరూ నలభైకి బయల్దేరి ఘాటీ ఎక్కి కొండబారిజ వెళ్ళి, మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి తిరిగి డిపోకు చేరే బస్సు ఆయనది. డెబ్బై మూడో నంబరు బండి. ఘాటీలో పదకొండు మలుపులు. దిగేటప్పుడు ఎడమ పక్కంతా లోయ. అల్లం బుట్టలతో ఎక్కే కొండమీది ఆడవాళ్ళు, బడి పంతుళ్ళు, ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే నర్సమ్మ, అందరూ ఆ బస్సులోనే. ఆయన కళ్ళతో నడిపేది సగం, చెవులతో నడిపేది సగం. ఏ సీటు బోల్టు వదులైందో, ఎవరి బుట్టలో కోడి ఉందో వెనక్కి తిరగకుండా చెప్పేవాడు.

ఒక మంగళవారం, కొండబారిజ సంత రోజున, మామిడితోటలు దాటి బండి నలభై అందుకోగానే ఆయన కాళ్ళ కింద ఎడం పక్కనుంచి సన్నగా గుర్రుమంది. తవిటినాయుడు చెవులు రిక్కించాడు. గేరు తీసేసి బండిని ఊరికే దొర్లనిచ్చాడు. ఇంజను చప్పుడు తగ్గింది గానీ గుర్రు తగ్గలేదు. ఇంజను తప్పు కాదన్నమాట. గతుకుల రోడ్డు పోయి కొత్త తారు రోడ్డు వచ్చింది, గుర్రు అలాగే ఉంది. టైరుదీ కాదు. ఘాటీ మొదలయ్యాక కుడికి తిప్పితే గుర్రు పెరిగింది, ఎడానికి తిప్పితే తగ్గింది. కుడికి తిరిగినప్పుడు బండి బరువు ఎడం చక్రం మీద పడుతుంది. కొండబారిజలో బండి ఆపి, దిగి, ఎడం ముందు చక్రం నడిమి దిమ్మ మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కుడి చక్రం దిమ్మ మీద చెయ్యి పెట్టి హాయిగా ఉంచుకోగలిగాడు.

"ఏమైంది బాబాయ్?" అంది కండక్టరు నీలవేణి. ఆమె ఆ రూటులో ఆరేళ్ళుగా ఆయనతో పనిచేస్తోంది.

"ఎడం ముందు చక్రం బేరింగు అరిగిపోనాదమ్మా. ఇంకా అరిగితే చక్రం పట్టేస్తాది, లేపోతే ఊడి ఎలిపోతాది. దిగినప్పుడు ఎడం పక్క ఏటుందో నీకు తెల్సు."

నీలవేణికి తెలుసు. ఆ రోజు బస్సులో డెబ్బై ఇద్దరున్నారు. ఆయన ఘాటీ అంతా మనిషి నడిచినంత నెమ్మదిగా దింపాడు. ఆలస్యంగా వచ్చినందుకు డిపో గేటు దగ్గరే ఆయనకు ఒక మెమో ఇచ్చారు.

గ్యారేజీలో పెద్ద మెకానిక్ ఎర్రన్న. ఆయన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. లోపల టక్కుమంది. "బేరింగేరా నాయుడూ. అదిగో, కొత్తది అక్కడే ఉంది," అని స్టోరు వైపు చూపించాడు. ఇనప వల వెనక, మూడో అరలో, నూనె కాగితం చుట్టుకుని ఒక బేరింగు వీళ్ళనే చూస్తున్నట్టుంది. స్టోరుకూ బస్సుకూ మధ్య ముప్పై అడుగుల దూరం. "కానీ శబ్ద నిర్ధారణ అయితేగానీ స్టోరోడు ఇవ్వడు. నిర్ధారణ కాకండా జాకీ ఎట్టి చక్రం నేల్నించి లేపకూడదని నాకు రాసిచ్చినారు."

తవిటినాయుడు పద్నాలుగు పేజీల పత్రం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

విశ్వంభరరావు గారు ముందు పత్రాన్ని, తరువాత మేకును, ఆ తరువాత తవిటినాయుణ్ణి చూశారు. "కూర్చోండి. తొమ్మిదవ పేజీ చూడండి. సదరు శబ్దము దేనిని పోలియున్నది? జాబితాలో ఇరువది నాలుగు శబ్దములు కలవు."

తవిటినాయుడు జాబితా చదివాడు. ఈల, పిల్లి, కుట్టుమిషను, పెళ్ళి బాజా దూరముగా, పెళ్ళి బాజా దగ్గరగా, వేడి పెనముపై నీళ్ళు, అసంతృప్తి చెందిన వృద్ధుడు. "గుర్రు లేదు సార్ ఇందల."

"లేనిచో ఇతరములు అను గడిలో గుర్తు పెట్టవలెను. ఇతరములకు శబ్దము యొక్క నమూనా జతపరచవలెను."

"చప్పుడు కాయితానికి ఎలగ జతపర్చీది సార్? చక్రం దిమ్మ మీద చెయ్యెట్టి సూడండి, కాలిపోతంది. ఊపి సూడండి, ఆడతంది."

మేనేజరు గారు జాలిగా నవ్వారు. "వేడి ఈ సంవత్సరపు అంశము కాదండి. ఊపు కూడ కాదు. ఇది నిశ్శబ్ద సంవత్సరము."

"అయితే ఆ బండి నాను తియ్యను సార్."

"మీరు తీయనిచో వేరొకరు తీయుదురు. నిర్ధారణ కానంతవరకు అది ఆరోగ్యకరమైన వాహనము."

వేరొకరి చేతిలో కన్నా బండి తన చేతిలో ఉంటేనే నయమని తవిటినాయుడికి అనిపించింది. మరునాడు నీలవేణి ముందు సీటు దగ్గర నిలబడి, ఆ గుర్రును తన ఫోనులో పట్టింది. సాయంత్రం దాన్ని మేనేజరు గారి బల్ల మీద వినిపించింది. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, ఇప్పుడు చప్పుడు చేస్తున్నది ఫోను కనుక ఫిర్యాదు ఫోను మీద చేసుకోవాలని, అది సంస్థ ఆస్తి కానందున తమ పరిధిలోకి రాదని చెప్పారు. అయినా ఆయన ధర్మం తప్పే మనిషి కాదు. నమూనా జతపరచలేని ఫిర్యాదుల కోసం ప్రధాన కార్యాలయంలో శబ్ద నిర్ధారణ సంఘం ఉంది. దానికి రాశారు.

సంఘం శుక్రవారం దిగింది. అధ్యక్షుడు ముఖ్య శబ్దాధికారి హేరంబరావు గారు. వెంట ఇద్దరు సభ్యులున్నారు గానీ, నిశ్శబ్ద సంవత్సరం మొదలైనప్పటి నుంచి వాళ్ళు మాట్లాడటం మానేశారు. ఆదర్శంగా ఉంటుందని.

"ముందుగా ఇంజను ఆపివేయవలెను," అన్నారు హేరంబరావు గారు. "ఇంజను శబ్దము వలన ఇతర శబ్దములు వినబడవు."

ఇంజను ఆపారు. బస్సు డిపో ఆవరణలో నిలబడి ఉంది. ముగ్గురూ ఎడం ముందు చక్రం దగ్గర ముక్కాలిపీటలు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు. ఇరవై నిమిషాలు విన్నారు. మధ్యలో బస్సు మీద కాకి వాలి అరిచింది. కాకి ఫిర్యాదులో లేదని హేరంబరావు గారు దాన్ని నమోదు చేయనివ్వలేదు.

"బండి నడుస్తేనే వస్తాది సార్ ఆ చప్పుడు. నలభై దాటాల," అన్నాడు తవిటినాయుడు.

"డిపో ఆవరణలో వేగపరిమితి గంటకు అయిదు కిలోమీటర్లు."

"పోనీ మాతో ఒక్క ట్రిప్పు రండి సార్," అంది నీలవేణి. "ఏడో మలుపు దగ్గర మీకే వినపడుతుంది."

హేరంబరావు గారు పదకొండో నిబంధన చూపించారు. ఫిర్యాదు పెండింగులో ఉన్న వాహనంలో అధికారులు ప్రయాణించరాదు, ప్రమాదము జరుగవచ్చును.

"జనం ప్రయాణం చేస్తున్నారు కద సార్."

"వారికి ఫిర్యాదు సంగతి తెలియదు కదమ్మా."

"పోనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం. అప్పుడొస్తారా?"

"ఫిర్యాదు లేనప్పుడు మేము ఎందుకు రావలెను?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

అప్పుడు హేరంబరావు గారే దయతలచి పద్నాలుగో నిబంధన బయటకు తీశారు. నమూనా జతపరచలేని యెడల ఫిర్యాదుదారు స్వయముగా సంఘము ఎదుట శబ్దమును ప్రదర్శించవచ్చును.

"అంటే నోటితో చెయ్యమనా సార్?"

"స్వయముగా అనియున్నది. అవయవము పేర్కొనలేదు."

ఆ మధ్యాహ్నమే మేనేజరు గారి గదిలో ప్రదర్శన పెట్టారు. బల్లకు అటు సంఘం, ఇటు ఒక స్టూలు మీద తవిటినాయుడు. ఒట్టి చేతులతో రాదని ఆయన అన్నందున, ఎర్రన్న గ్యారేజీలోంచి ఒక పాత స్టీరింగు చక్రం తెచ్చిచ్చాడు. నీలవేణి పక్కన నిలబడి దారి చెప్పింది. గుమాస్తాలు కిటికీల దగ్గర చేరారు.

"మామిడితోటలు దాటాం బాబాయ్. ముప్పై. ముప్పై అయిదు. నలభై."

తవిటినాయుడు కళ్ళు మూసుకున్నాడు. ఆయన గొంతు అడుగునుంచి సన్నగా గుర్రు బయల్దేరింది. మొదట సిగ్గుపడ్డాడు గానీ, దారి కళ్ళ ముందుకొచ్చాక సిగ్గు పోయింది. తారు రోడ్డు, వంతెన, ఘాటీ మొదలు. స్టీరింగు కుడికి తిప్పితే గుర్రు లావైంది, ఎడానికి తిప్పితే గొంతులోకి దిగిపోయింది. కిటికీలోంచి ఎర్రన్న, "అదే. బేరింగే అది," అన్నాడు. ఆరో మలుపుకు గుమాస్తాలు కూడా మలుపుకు తగ్గట్టు ఒరిగారు. ఏడో మలుపు దగ్గర ఆయన స్టీరింగు నిండా తిప్పి గుర్రుమంటే బల్ల మీది గాజు గ్లాసు కదిలింది. మాట్లాడని సభ్యులిద్దరూ గబుక్కున బల్ల పట్టుకున్నారు.

తవిటినాయుడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఈసారి నమ్మారని ఆయనకు గట్టిగా అనిపించింది.

హేరంబరావు గారు లేచి వచ్చి, "మరొకసారి," అని, ఆయన ఛాతీకి చెవి ఆనించి విన్నారు. తరువాత బయటకు వెళ్ళి, ఆపి ఉన్న బస్సు చక్రానికి చెవి ఆనించి విన్నారు. ఇలా మూడుసార్లు అటూ ఇటూ తిరిగారు. నాలుగింటికి నివేదిక తయారైంది.

"వాహనము నిశ్చలముగా ఉన్నప్పుడు వాహనమునందు శబ్దము లేదు," అని ఆయన చదివారు. "డ్రైవరు నిశ్చలముగా ఉన్నప్పుడు డ్రైవరునందు శబ్దము కలదు. అది వేగమును బట్టి పెరుగుచున్నది, కుడివైపు మలుపులలో హెచ్చుచున్నది, ఫిర్యాదులోని వర్ణనతో పూర్తిగా సరిపోవుచున్నది. సదరు డ్రైవరు వాహనము నడుపునపుడు ఈ శబ్దము వాహనమునందు వినబడుట సహజము. కావున శబ్దమూలము డ్రైవరు అని, వాహనము నిర్దోషి అని సంఘము ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది."

మాట్లాడని సభ్యులు తలలూపారు. విశ్వంభరరావు గారి ముఖం వికసించింది. బస్సు మీద ఫిర్యాదు లేదు. మేకు భద్రంగా ఉంది.

లోపం నిర్ధారణ అయిన దేన్నయినా రోడ్డు మీదికి పంపకూడదు. ఈ విషయంలో సంస్థ చాలా కఠినం. శనివారం నుంచి తవిటినాయుణ్ణి బండి ఎక్కనివ్వలేదు. గ్యారేజీలో, బండి కిందికి దిగి పనిచేసే రెండో నంబరు గుంట దగ్గర ఒక కుర్చీ వేసి, ఆయన చొక్కా గుండీకి ఎర్ర అట్టముక్క కట్టారు. మరమ్మతులో ఉన్నది అని దాని మీద అచ్చయి ఉంది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆయన అక్కడ మరమ్మతులో ఉండాలి.

డెబ్బై మూడో నంబరు బండి బంగారయ్య చేతికి వెళ్ళింది. బంగారయ్య మంచివాడు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క చప్పుడు మీద కూడా ఫిర్యాదు చేయని డ్రైవరుగా ఆయనకు ప్రశంసాపత్రం ఉంది. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. కుడి చెవి ఎప్పుడు పోయిందో ఆయన గమనించలేదు. నెమ్మదిగా వెళ్ళమని నీలవేణి కాగితం మీద రాసి చూపిస్తే, చదివి, నవ్వి, జేబులో పెట్టుకునేవాడు. టైముకు చేర్చడమంటే ఆయనకు ప్రాణం.

ఆ మూడు రోజులూ తవిటినాయుడు గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. తను నడిపినన్నాళ్ళూ లేని భయం ఇప్పుడు పట్టుకుంది. ఒకటీ పదికి లేచి నిలబడేవాడు. ఒకటీ ఇరవైకి బస్సు మూతి గేటులో కనపడేదాకా ప్రాణాలు ప్రాణాల్లో ఉండేవి కావు. తెచ్చిన అన్నం కారియరు విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయేవాడు. బస్సు వచ్చాక నీలవేణి దిగి, ఇవాళ్టికి ఏమీ కాలేదన్నట్టు దూరం నుంచే ఆయనకు తల అడ్డంగా ఊపేది.

సోమవారం ఆమె తల ఊపలేదు. తిన్నగా ఆయన దగ్గరికి వచ్చింది.

"ఇవాళ చప్పుడు వెనక సీటు దాకా వినపడింది బాబాయ్. అల్లం బుట్టల వాళ్ళు అడుగుతున్నారు, ఏటమ్మా నేల కింద ఏదో అరుస్తందని. దిమ్మలోంచి గ్రీజు కారుతోంది. నల్లగా, మధ్యలో ఇనప రజను మెరుస్తోంది. రేపు సంత. ఎనభై మంది ఎక్కుతారు."

ఎర్రన్న వచ్చి పక్కన కూలబడ్డాడు. ముగ్గురూ ఇనప వల వెనక మూడో అర వైపు చూశారు. బేరింగు నూనె కాగితంలో చల్లగా ఉంది.

తవిటినాయుడి కుర్చీ వెనక ఒక మేకుకు సంఘం నివేదిక నకలు వేలాడుతోంది. మరమ్మతులో ఉన్న ప్రతి దాని పక్కనా దాని కాగితం వేలాడాలని నియమం. మూడు రోజులుగా దాన్ని ఆయన చదివే ఉన్నాడు గానీ అడుగున సన్నక్షరాల జోలికి పోలేదు. ఇప్పుడు చదివాడు. శబ్దమూలమునకు తగు మరమ్మతు వెంటనే జరిపించి, మెకానిక్ సిఫారసు చేయు విడిభాగమును స్టోరు నుండి విడుదల చేయవలెను.

రెండోసారి చదివి లేచాడు. "ఎర్రన్నా, నాకు ఏ విడిభాగం కావాలో రాసియ్యి."

ఎర్రన్న తల గోక్కున్నాడు. తరువాత ఆయన ముఖం మెల్లగా మారింది. జేబులోంచి పెన్ను తీశాడు.

విశ్వంభరరావు గారు ఆ సిఫారసు చదివి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎడమ ముందు చక్రపు బేరింగు ఒకటి. ఇది మీకు అవసరమా?"

"నన్ను బాగుచెయ్యమని సంఘం వోరు రాసినారు సార్. మెకానిక్ సూసి ఇదే అరిగినాదన్నాడు."

మేనేజరు గారు నివేదికను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. శబ్దమూలం నిర్ధారణ అయింది, మెకానిక్ సిఫారసు ఉంది, పైగా బస్సు పేరు ఎక్కడా లేదు. "అయితే ఒక ధ్రువీకరణ ఇవ్వవలసియుండును," అని ఒక కాగితం ముందుకు జరిపారు.

శబ్దలోపము నాయందే కలదని, వాహనమునందు ఎట్టి లోపము లేదని, నా సర్వీసు రిజిస్టరులో ఈ విషయము నమోదు చేయుటకు అభ్యంతరము లేదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.

తవిటినాయుడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. ఇరవైమూడేళ్ళలో ఆయన రిజిస్టరు మీద ఒక్క మరక లేదు. కుక్కను కూడా గుద్దలేదు. తప్పు బండిదని ఆయన చెవులకు తెలుసు, చేతులకు తెలుసు. తప్పు నాదేనని రాసివ్వడమంటే ఆ చెవులను తనే అబద్ధాలకోరు చేసుకోవడం. అప్పుడాయనకు ఏడో మలుపు గుర్తొచ్చింది, ఆ మలుపులో ప్రతిసారీ ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకునే నర్సమ్మ గుర్తొచ్చింది. సంతకం పెట్టేశాడు.

స్టోరు గుమాస్తా బిల్లు రాస్తూ వాహనం సంఖ్య అన్న చోట ఆయన స్టాఫు నంబరు వేశాడు. "పాతది అప్పజెప్పాలి. రేపు పదింటిలోపు," అని, వల తలుపు తీసి, మూడో అర నుంచి బేరింగు దింపి చేతిలో పెట్టాడు. తవిటినాయుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని ముప్పై అడుగులు నడిచాడు.

"ఇప్పుడు జాకీ ఎలగ? బస్సుకి ఉత్తర్వు లేదు," అన్నాడాయన.

"నీకుంది గదా ఉత్తర్వు. నీకు రెండో నంబరు గుంట ఇచ్చినారు, పనిముట్లు ఇచ్చినారు. బండి ఇలగ నీ మీదికి తెస్తాను. నువ్వు గుంటలో దిగి కూకో. ఎవులొచ్చినా నిన్నే బాగుచేస్తన్నట్టు ఉంతాది."

అలాగే కానిచ్చారు. మూడింటికి విశ్వంభరరావు గారు అటుగా వచ్చి, చక్రం లేకుండా నిలబడిన బస్సును చూసి ఆగారు. "ఇదేమిటి?"

"నాయుణ్ణి ఇప్పతీస్తన్నాం సార్," అన్నాడు ఎర్రన్న, చేతినిండా గ్రీజుతో.

గుంటలోంచి తవిటినాయుడి తల కనిపించింది. ఎర్ర అట్టముక్క గుండీకి వేలాడుతోంది. మేనేజరు గారు కాగితం సరిచూసుకుని, "కానివ్వండి. జాగ్రత్తగా చేయండి, మనిషి," అని వెళ్ళిపోయారు.

పాత బేరింగు బయటకు వచ్చింది. వచ్చిందనడం కన్నా రాలిందనడం న్యాయం. రోలర్లను పట్టి ఉంచే గూడు మూడు ముక్కలైంది. ఒక రోలరు నిలువునా చీలిపోయింది. మిగిలినవి గుంటలు పడి మసిబొగ్గులా ఉన్నాయి. ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు.

"ఇంకెన్ని ట్రిప్పులు వొచ్చేది ఎర్రన్నా?" అన్నాడు తవిటినాయుడు.

"ట్రిప్పులేటిరా. మలుపులు లెక్కెట్టుకో."

నీలవేణి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మంగళవారం పొద్దున ఎనభై ఒక్క మందిని, వాళ్ళ బుట్టలను, మూడు కోళ్ళను వేసుకుని డెబ్బై మూడో నంబరు బండి సంతకు వెళ్ళింది. టైముకు తిరిగొచ్చింది. బంగారయ్యకు తేడా ఏమీ తెలియలేదు.

అదే పొద్దున పదింటికి తవిటినాయుడు పాత బేరింగు ముక్కలు గుడ్డలో మూటగట్టి స్టోరులో ఇచ్చాడు. గుమాస్తా ముక్కలు లెక్కపెట్టి, కళ్ళెత్తి ఆయన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇవి మీలోంచే తీశారా?"

"అవును."

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది," అన్నాడు తవిటినాయుడు. ఆ మాట మటుకు ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

మధ్యాహ్నం సంఘం మళ్ళీ వచ్చింది. ఆయన్ను అదే స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి అదే స్టీరింగు ఇచ్చి, ఇరవై నిమిషాలు విన్నారు. నీలవేణి పదకొండు మలుపులూ చెప్పింది. తవిటినాయుడు తిప్పాల్సినప్పుడు తిప్పాడు గానీ నోరు మెదపలేదు. హేరంబరావు గారు ఛాతీకి చెవి ఆనించి, "అద్భుతము. పూర్తిగా నివారణ అయినది," అన్నారు. సభ్యుల్లో ఒకాయన ఆనందం పట్టలేక మాట్లాడబోయి ఆపుకున్నాడు. ఎర్ర అట్టముక్క విప్పారు. సర్వీసు రిజిస్టరులో, మరమ్మతు చేయబడిన డ్రైవరు, ఒక బేరింగు మార్చడమైనది, అని ఎర్రసిరాతో రాశారు.

ఏడాది చివర షీల్డు గుమ్మడివలసకే వచ్చింది. మేకు మీద చక్కగా కుదిరింది. ఇతర డిపోలు శబ్దము కోసం వాహనములను వెదకి కాలయాపన చేసినవని, తమ డిపో మాత్రమే మూలములోనికి వెళ్ళినదని సభలో విశ్వంభరరావు గారు చెప్పారు. ఇకపై డ్రైవర్లందరికీ ఆరు నెలలకొకసారి గ్రీజు పెట్టించాలని ప్రధాన కార్యాలయం సర్క్యులరు పంపింది.

ఇంతకూ స్టూలు దిగిన మర్నాడు, బుధవారం, తవిటినాయుడు మళ్ళీ డెబ్బై మూడో నంబరు బండి ఎక్కాడు. మామిడితోటలు దాటాడు. నలభై అందుకున్నాడు. కాళ్ళ కింద ఏమీ లేదు. కొండబారిజలో తిరిగి, ఘాటీ దిగుతూ ఏడో మలుపులో స్టీరింగు కుడికి నిండా తిప్పాడు. టైర్ల సవ్వడి, వెనక ఎవరిదో దగ్గు, అంతే. ముందు సీటులో నర్సమ్మ కమ్మీ వదిలేసి కునుకు తీస్తోంది.

"ఏం బాబాయ్, ఏమీ వినపడ్డం లేదు," అంది నీలవేణి.

"నన్ను బాగుచేసీసినారు గదమ్మా."

ఇద్దరూ నవ్వుకున్నారు. తొమ్మిదో మలుపు దగ్గర ఆయన బ్రేకు మీద కాలు వేశాడు. వెనక కుడి చక్రం దగ్గర, మామూలు చెవికి అందనంత సన్నగా, కీచుమంది. తవిటినాయుడు నవ్వు ఆపాడు. ఇంకోసారి కాలు వేసి చూశాడు. మళ్ళీ కీచుమంది. నీలవేణి ఆయన ముఖం చూసి, సీటు కింద దుమ్ము పట్టిన పద్నాలుగు పేజీల పత్రం తీసింది.

"అది లోపలెట్టేయమ్మా," అన్నాడు తవిటినాయుడు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా గొంతు సవరించుకుని, పెదాలు బిగించి, మెల్లగా కీచుమన్నాడు.

నీలవేణి చెవి ఒగ్గి వింది.

"ఇంకొంచెం సన్నంగా, బాబాయ్," అంది.